ప్రాణం రాకడ

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. ప్రాణం రాకడ ఊసు మాత్రం ఆ సామెతలో లేదు. సామెత కట్టినవాళ్లు మగవాళ్లయి ఉండాలి. లేదంటే, ఆ సంగతి తమకు కొంతవరకు తెలుసునన్న ధీమాతో ఆడవాళ్లే దాన్ని కావాలని వదిలేసి ఉండాలి. వానకు ముందు చీమలు గుడ్లు నోట కరుచుకుని బారులు తీరతాయి. తూనీగలు నేలకు దగ్గరగా ఎగురుతాయి. బిడ్డ రాకకు ముందూ తల్లి ఒంట్లో అలాంటి ఆనవాళ్లు కొన్ని కనిపిస్తాయి. వాటిని ఎరిగిన ఇంట్లో కంగారు తక్కువ, జాగ్రత్త ఎక్కువ. ఎరగని ఇంట్లో రెండు తప్పుల్లో ఏదో ఒకటి జరుగుతుంది. పరుగెత్తనక్కర్లేని వేళ పరుగెత్తుతారు, లేదా పరుగెత్తాల్సిన వేళ తెల్లారనిద్దామంటారు.

నెలలు నిండిన ఇంట్లో అందరి చూపూ క్యాలెండర్ మీదే. డాక్టరు కార్డు మీద రాసిచ్చిన తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంటుంది. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కగట్టి ఆ తేదీ వేస్తారు. జర్మనీ వైద్యుడు నేగెలె పేరు మీద వాడుకలోకి వచ్చిన ఆ లెక్క రెండు వందల ఏళ్లుగా నడుస్తోంది. స్కానింగులు వచ్చాక దానికి మెరుగులు దిద్దారు. అయినా సరిగ్గా ఆ రోజునే పుట్టే బిడ్డలు ఇరవైమందిలో ఒకరే. 37 వారాలు నిండిన దగ్గర్నుంచి 42వ వారం దాకా ఎప్పుడైనా కాన్పు కావచ్చు. ఆ అయిదు వారాలూ గుమ్మం వైపు చూస్తూ ఉండాల్సిందే. తేదీ దాటిందని ఫోన్లు చేసి బెంగపెట్టే బంధువులకు ముందుగా చెప్పాల్సిన మాట ఇది. తేదీ దాటినప్పుడు ఎన్నాళ్లు ఆగవచ్చో, ఎప్పుడు నొప్పులు తెప్పించాలో డాక్టరు చూసుకుంటారు. దాన్ని ఫోనులో తేల్చే పని బంధువులది కాదు.

కాన్పు దగ్గరపడుతున్న కబురు మొదట చిన్నచిన్న మార్పులుగా వస్తుంది. తొలిచూలు అయితే రెండు మూడు వారాల ముందే బిడ్డ తల కటిలోకి దిగుతుంది. ‘కడుపు జారింది’ అంటారు ఇళ్లలో. అప్పటిదాకా పక్కటెముకల కింద తంతూ ఊపిరాడనివ్వని బిడ్డ కిందికి దిగడంతో తల్లికి శ్వాస తేలికవుతుంది. ఆ హాయికి బదులుగా మూత్రం మాత్రం గంటగంటకూ వస్తుంది. నడక మారుతుంది, నడుము లాగుతుంది. కొందరికి విరేచనం పలచబడుతుంది. ఎప్పుడూ లేనిది అలమరాలు సర్దడం, బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టేవాళ్లూ ఉంటారు. మలిచూలుకు కడుపు జారడం ముందుగా జరగకపోవచ్చు. నొప్పులతోపాటే తల దిగవచ్చు. కాబట్టి ‘మొదటిసారి ఇలా లేదే’ అని పోల్చుకుని కూర్చోవడం పనికిరాదు.

ఆ తర్వాత ఎరుపు కనబడటం. తొమ్మిది నెలలూ గర్భసంచి మూతిని బిరడాలా మూసి ఉంచిన చిక్కటి జిగురు ఊడి, కాస్త నెత్తుటి జీరతో బయటికి వస్తుంది. అది చూడగానే సంచీ భుజాన వేసుకుని బయల్దేరనక్కర్లేదు. నొప్పులు కొన్ని గంటల్లో రావచ్చు, కొన్ని రోజులకూ రావచ్చు. జిగురులో కలిసిన జీర వేరు, ధారగా కారే ఎర్రటి నెత్తురు వేరు. ఈ రెండో దానికి క్షణం కూడా ఆగకూడదు.

ఉమ్మనీరు సంగతి వేరు. సినిమాల్లో ప్రతి కాన్పూ ఒకేలా మొదలవుతుంది. ఉన్నట్టుండి నాయిక కడుపు పట్టుకుని కేక వేస్తుంది. పెద్దావిడ వేడినీళ్లు పెట్టమంటుంది. రెండు నిమిషాల్లో పసిగుడ్డు ఏడుపు వినబడుతుంది. నిజానికి నెలలు నిండిన తల్లుల్లో నొప్పులకంటే ముందే ఉమ్మనీరు పోయేది నూటికి పదిమంది లోపే. మిగతావాళ్లకు నొప్పులు ముదిరాకే ఉమ్మనీటి సంచి చిట్లుతుంది. పోయినప్పుడు కూడా అందరికీ బిందె ఒలికినట్టు పోదు. కొందరికి సన్నగా కారుతూ, మూత్రమేమోనన్న అనుమానం మిగులుస్తుంది. మూత్రాన్ని కాసేపైనా బిగబట్టవచ్చు, ఉమ్మనీటిని బిగబట్టలేం. శుభ్రమైన గుడ్డో ప్యాడో పెట్టుకుని చూస్తే రంగు, వాసన తెలుస్తాయి. నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోయిందంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆ నీరు ఆకుపచ్చగానో గోధుమరంగులోనో ఉంటే బిడ్డ లోపలే మలవిసర్జన చేసిందని అర్థం. అప్పుడు తొందర ఇంకా ఎక్కువ ఉండాలి.

ఇక అసలైనది, నొప్పి. తొలిచూలు పిల్ల నడుము పట్టుకుని నిలబడగానే అనుభవమున్న అమ్మలు అడిగే ప్రశ్న ఒకటుంది. “వచ్చి పోతోందా, ఉండిపోతోందా?” ఏ పాఠ్యపుస్తకమూ చదవని నోటి నుంచి వచ్చిన ఆ ప్రశ్నలో సగం వైద్యం ఉంది. పురిటి నొప్పి వస్తుంది, పెరుగుతుంది, తగ్గుతుంది, పోతుంది. మధ్యలో ఒంటికి విరామమిస్తుంది. వచ్చినప్పుడు పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిపడటం, పోయినప్పుడు మెత్తబడటం తెలుస్తాయి. విరామమే లేకుండా పట్టేసిన నొప్పి, ఎంతకీ మెత్తబడని పొట్ట ప్రమాదానికి గుర్తు. బిడ్డ పుట్టకముందే మాయ ఊడిపోతున్నా అలాగే ఉంటుంది.

వచ్చిపోయే నొప్పులన్నీ కాన్పు నొప్పులు కావు. దొంగ నొప్పులని మనవాళ్లు పిలిచేవాటిని 1872లో లండన్ వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ వైద్య లోకానికి వివరించాడు. ఆనాటి నుంచి పుస్తకాల్లో వాటికి ఆయన పేరే. అంతకు ముందు ఎన్ని వేల ఏళ్లుగా తల్లులు వాటిని అనుభవించారో లెక్క లేదు. వాటికి క్రమం ఉండదు. పది నిమిషాలకొకటి, అరగంటకొకటి, మళ్లీ గంటదాకా ఏమీ ఉండదు. కాసిని మంచినీళ్లు తాగి, ఎడమవైపు తిరిగి పడుకుంటేనో, నాలుగడుగులు వేస్తేనో సద్దుమణుగుతాయి. నిజం నొప్పులు పడుకున్నా పోవు, నడిచినా పోవు. తరచు నడుములో పుట్టి పొట్ట ముందుకు చుట్టుకొస్తాయి. ఒకదానికొకటి దగ్గరవుతాయి, ఎక్కువసేపు ఉంటాయి, బలం పుంజుకుంటాయి. కొన్ని ఇళ్లలో ఇలాంటప్పుడు జీలకర్ర కషాయం కాచి ఇచ్చేవారు. ఉత్తుత్తి నొప్పులైతే అణుగుతాయి, అసలువైతే ఊపందుకుంటాయని నమ్మకం. కషాయంలో ఎంత మహిమ ఉందో గానీ, అది కాచి, చల్లార్చి, తాగి, ఫలితం చూసేలోగా గంట గడుస్తుంది. ఆ గంటలో నొప్పుల తీరు దానంతటదే బయటపడుతుంది. పెద్దవాళ్ల వైద్యంలో చాలాసార్లు పనిచేసింది మందుకంటే ఓపికే.

ఇప్పుడు ఆ పనిని గడియారానికి అప్పగించారు. ఒక నొప్పి మొదలైన క్షణం నుంచి తర్వాతి నొప్పి మొదలయ్యే దాకా ఎంతసేపో, ఒక్కోటి ఎంతసేపు ఉంటోందో రాసుకోవాలి. అయిదు నిమిషాలకొకటి చొప్పున, ఒక్కోటి నిమిషంపాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరమని చెబుతారు. నొప్పి మధ్యలో మాట పూర్తిచేయలేకపోతున్నదంటే అదీ గుర్తే. ఇది తొలిచూలుకు, ఏ ఇబ్బందీ లేని గర్భానికి, ఆసుపత్రి దగ్గర్లో ఉన్నవారికి వేసిన లెక్క. మలిచూలు కాన్పు త్వరగా అయిపోతుంది కాబట్టి అంతసేపు ఆగకూడదు. కిందటి కాన్పు ఆపరేషనైతే నొప్పి తెలియగానే వెళ్లాలి, ఎందుకంటే పాత కుట్టు మీద ఆ ఒత్తిడి ఎంత పడుతోందో డాక్టరు కళ్లెదుట ఉండి చూడాలి. కవలలైనా, బీపీ ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా అంతే.

అసలు ఈ నొప్పులను మొదలుపెట్టేది ఎవరు? తల్లా, బిడ్డా? న్యూజిలాండ్ వైద్యుడు గ్రాహం లిగ్గిన్స్ దీన్ని గొర్రెల్లో వెతికాడు. కడుపులోని గొర్రెపిల్ల తన ఒంట్లో తయారుచేసుకునే కార్టిసాల్ అనే హార్మోనే కాన్పును మొదలుపెడుతుందని తేల్చాడు. గొర్రెల విషయంలో ముహూర్తం పెట్టేది పిల్లే అన్నమాట. మనుషుల్లో సంగతి అంత తేలిగ్గా తేలలేదు. మాయలో తయారయ్యే ఒక హార్మోను నెలలను లెక్కపెడుతున్నట్టు ఉంటుందని 1995లో ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పారు. గర్భసంచి సాగడం, బిడ్డ ఊపిరితిత్తులు పండటం, తల్లి హార్మోన్ల తూకం మారడం, అన్నీ కలిసి ఒక రాత్రి తలుపు తడతాయి. రాత్రి అనడం మాటవరసకు కాదు. ఇంగ్లండులో 50 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వాటంతటవే నొప్పులు వచ్చి సహజంగా అయిన కాన్పులు తెల్లవారుజామున నాలుగింటి ప్రాంతంలోనే ఎక్కువని తేలింది. అర్ధరాత్రి ఆటో కోసం వీధిలోకి పరుగెత్తిన ప్రతి ఇంటికీ ఈ సంగతి ముందే తెలుసు.

లిగ్గిన్స్ గొర్రెల పాకలో మరో మేలు దొరికింది. కార్టిసాల్ ఎక్కించిన గొర్రెపిల్ల నెలలు నిండకుండా పుట్టినా ఊపిరి పీల్చుకుంది. అంత లేత ఊపిరితిత్తులతో అది బతకకూడదు. ఆ ఆశ్చర్యం పట్టుకుని ఆయన, రాస్ హోవీ కలిసి 1972లో ఒక పరిశోధన ఫలితాన్ని వెల్లడించారు. నెలలు నిండకుండా కాన్పయ్యేలా ఉన్న తల్లికి ముందుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకు ఊపిరి కష్టం తగ్గుతుందని అది చెప్పింది. ఇవాళ మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఆ ఇంజెక్షన్ ఉంది. అయితే అది పనిచేయడానికి గంటల వ్యవధి కావాలి. ఏడో నెలలో, ఎనిమిదో నెలలో నడుము లాగుతూ పొట్ట పదేపదే గట్టిపడుతుంటే, ‘అప్పుడే ఏంటి, గ్యాస్ అయ్యుంటుంది’ అనుకుని వాము నమిలి పడుకునే తల్లి ఆ గంటలనే పోగొట్టుకుంటోంది. 37 వారాలకు ముందు వచ్చే నొప్పులకు ఇంట్లో పరీక్షలు వద్దు, గడియారమూ వద్దు. వెంటనే చూపించుకోవాలి.

ఆగకూడని సందర్భాలు ఇంకా కొన్ని ఉన్నాయి. బిడ్డ కదలికలు తగ్గడం వాటిలో ముఖ్యమైనది. కాన్పు ముందు బిడ్డ సద్దుమణుగుతుందనే మాట ఊళ్లలో బాగా ఉంది. ఆ మాట నమ్మి ఒక రోజంతా ఊరుకునేవారున్నారు. కాన్పు దాకా, కాన్పు జరుగుతున్నప్పుడు కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి. చోటు తక్కువై కదలిక తీరు మారవచ్చు గానీ కదలడం మానకూడదు. విడవని తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్కల దగ్గర నొప్పి, ముఖం ఉబ్బడం పెరిగిన బీపీకి గుర్తులు. వాటి వెనకే ఫిట్స్ రావచ్చు. జ్వరం, దుర్వాసన ఉన్న స్రావం ఇన్ఫెక్షన్‌కు గుర్తు. ఈ నాలుగైదింటినీ గోడమీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

తల్లుల మరణాలు ఎందుకు జరుగుతాయని ఆలోచించిన థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల సంగతి చెప్పారు. వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం మొదటిది. ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం రెండోది. చేరాక సరైన వైద్యం అందడంలో ఆలస్యం మూడోది. తరవాతి రెండింటి మీద మన దగ్గర చాలా పని జరిగింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ కేంద్రంగా 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అదే ఏడాది జననీ సురక్ష యోజన వచ్చింది. 2011లో జననీ శిశు సురక్ష కార్యక్రమంతో ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పులు ఉచితమయ్యాయి. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2018-20 లెక్కల ప్రకారం ప్రాణంతో పుట్టిన లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. చిన్న విజయమేమీ కాదిది.

మొదటి ఆలస్యానికి మాత్రం ఏ వాహనమూ మందు కాదు. అది ఇంట్లో పుడుతుంది. గుర్తు తెలియకపోవడం దానికి ఒక కారణమైతే, తెలిసినా నిర్ణయం చేతిలో లేకపోవడం మరో కారణం. నొప్పులు పడుతున్న పిల్ల అత్తగారితో చెప్పాలి. అత్తగారు కొడుకుతో చెప్పాలి. కొడుకు పనిలో ఉంటాడు, ఫోను ఎత్తడు. చేతిలో డబ్బులుండవు. ‘మేం కనలేదా, ఇంత హడావుడా’ అనే మాట ఒకటి గదిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ మాట ముందు తొలిచూలు పిల్ల నోరు మెదపదు. భరించడమే మంచితనమని నేర్పిన ఇంట్లో, భరించలేనంత దాకా ఆమె చెప్పదు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారం వెనక ఈ ఎరుక ఉన్నట్టే ఉంది. అమ్మ దగ్గర నోరు తెరవవచ్చు. నొప్పి ఎక్కడో, ఎలాగో సిగ్గుపడకుండా చెప్పవచ్చు. ఆచారం పాతదే. మాయాదేవి నిండు నెలలతో కపిలవస్తు నుంచి పుట్టిల్లయిన దేవదహానికి వెళుతూ, దారిలో లుంబినీ వనంలో సాల వృక్షపు కొమ్మ పట్టుకుని నిలబడి బుద్ధుణ్ణి కన్నదని బౌద్ధ గాథ. అమరావతి శిల్పులు ఆ ఘట్టాన్ని రాతిలో మలిచారు. ఆ గాథలో తల్లి నిలబడే ఉంది. నొప్పుల వేళ వెల్లకిలా పడుకోబెట్టే కన్నా లేచి తిరగనివ్వడం మేలని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది. అదే గాథలో మరో హెచ్చరికా ఉంది. ప్రయాణం మరీ ఆఖరి ఘడియకు పెట్టుకుంటే కాన్పు దారిలోనే కావచ్చు. ఈ రోజుల్లో పుట్టింటికి వెళ్లే అమ్మాయి చీరల పెట్టెతోపాటు మాతాశిశు రక్షణ కార్డు, స్కానింగు కాగితాలు, రక్తం గ్రూపు వివరం తీసుకెళ్లాలి. వెళ్లిన వారంలోపు అక్కడి ఏఎన్‌ఎం దగ్గర పేరు రాయించుకోవాలి. అత్తవారి ఊరి ఆశా కార్యకర్తకు ఆమె వెళ్లిన సంగతి, పుట్టింటి ఊరి ఆశాకు ఆమె వచ్చిన సంగతి తెలియకపోతే, నొప్పుల రాత్రి ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు.

ఇంకొందరికి ఈ గుర్తులన్నీ తెలిసినా చాలవు. మన్యంలో కొండమీది గూడెం నుంచి రోడ్డుకు రావాలంటే డోలీలో మోసుకు రావాలి. వానాకాలంలో గెడ్డలు పొంగుతాయి. అయిదు నిమిషాలకొక నొప్పి వచ్చేదాకా ఆగమన్న పట్నం సలహా అక్కడ ప్రాణం తీస్తుంది. అక్కడ గుర్తు కనిపించాక కదలడం కాదు, కనిపించక ముందే కిందికి దిగి ఉండటం మార్గం. పార్వతీపురం మన్యంలోని సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టింది అందుకే. నెలలు నిండిన తల్లులు అక్కడికొచ్చి ఉంటారు, నొప్పులు రాగానే దగ్గర్లోని ఆసుపత్రికి వెళతారు. అలాంటివి ఎన్ని ఉంటే అంత మంచిది. అయితే ఇంట్లో మిగతా పిల్లలను, కోళ్లను, పోడు చేనును వదిలి రావడం ఆ తల్లికి చిన్న సంగతి కాదు. వాటిని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు కూడా జవాబుండాలి.

కొండమీద ఆలస్యం ఒక కష్టమైతే, మైదానంలో తొందర మరో కష్టం. అదే కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే పదింట ఎనిమిది. అవసరమైన చోట ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, సందేహం లేదు. జనాభాలో పది శాతం దాటాక ఆపరేషన్లు పెరిగినకొద్దీ మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ఇళ్లలో పంతులుగారు రాసిచ్చిన ఘడియకు బిడ్డను బయటికి తీయించే అలవాటు కూడా ఈ అంకెల్లో ఎక్కడో ఉంది. 39 వారాలు నిండకుండా, అవసరం లేకుండా ఆపరేషన్ చేస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువవుతాయి. జాతకం బాగుండాలని కోరుకున్న బిడ్డ తొలి రోజులు ఐసీయూలో గడపవచ్చు.

ఆదిపర్వంలో గాంధారి కథ అందరికీ తెలిసిందే. కుంతికి కొడుకు పుట్టాడన్న కబురు విని, ఎంతకీ కాన్పు కాని తన కడుపును ఆమె కొట్టుకుంది. తొందర ఆమెదే అనుకుంటాం గానీ, దాని వెనక పెద్దకొడుకు ఎవరింట పుడతాడన్న రాజ్యపు లెక్క ఉంది. ఇవాళా తొందర చాలాసార్లు తల్లిది కాదు. ముహూర్తం తాతగారిది. సెలవు భర్తది. తీరిక ఆసుపత్రిది. నొప్పులంటే చచ్చేంత భయం మాత్రం ఆమెది. ఆ భయాన్ని తీర్చే మాట ఎవరూ చెప్పకపోతే ఆమె కూడా కత్తినే కోరుకుంటుంది. తెలంగాణలో పదిమందిలో ఆరుగురు నొప్పుల దాకా వెళ్లకుండానో, వెళ్లినా మధ్యలోనో ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నప్పుడు, రేపు కూతురికి ‘వచ్చి పోతోందా’ అని అడిగే అమ్మలు ఎంతమంది మిగులుతారు?

కూతురి పురుడు పోయడానికి అమెరికా విమానమెక్కే అమ్మలకు అక్కడ మరో వింత ఎదురవుతుంది. నొప్పులు మొదలయ్యాయని ఆసుపత్రికి ఫోన్ చేస్తే ముందు ప్రశ్నలు అడుగుతారు. ఎంతసేపటికొకటి, ఎంతసేపు ఉంటోంది, నీరు పోయిందా, బిడ్డ కదులుతోందా. తీరా వెళ్తే గర్భసంచి మూతి చాలినంత తెరుచుకోలేదని, ఇంటికెళ్లి మళ్లీ రమ్మంటారు. ఇంటి దగ్గర్నుంచి ఆవకాయ జాడీలతో సహా సముద్రాలు దాటి వచ్చిన తల్లికి ఇది మహా అన్యాయంగా తోస్తుంది. అందులో అర్థం లేకపోలేదు. మూతి అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలైన కాన్పు దశ మొదలవుతుందని, అంతకు ముందు దశ ఎంతసేపైనా పట్టవచ్చని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ తొలి దశ గడపడానికి అలవాటైన మంచం, తెలిసిన ముఖం, కడుపులోకి ఇంత చారన్నం ఉన్న ఇల్లు మంచి చోటే. కారులో పావుగంటలో చేరగలిగే ఆసుపత్రి ఉన్నవాళ్లకు, లోపలికి వెళ్లగానే మంచం దొరుకుతుందన్న నమ్మకం ఉన్నవాళ్లకు ఆ సలహా సరిపోతుంది. మన దగ్గర నలభై కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన నిండు చూలాలిని ‘ఇంకా టైముంది, పోయి రా’ అనడం అదే మాట కాదు.

ఒకప్పుడు ఈ ఎరుకంతా మంత్రసాని దగ్గర ఉండేది. పొట్ట తడిమి బిడ్డ తల ఎటుందో చెప్పేది. నొప్పి తీరు చూసి తెల్లారేలోగానా, పొద్దెక్కాకనా అన్నది అంచనా వేసేది. ఆమె చేతుల్లో చనిపోయిన తల్లులు, ధనుర్వాతంతో పోయిన పసివాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి ఆ రోజులే బంగారమని అనలేం. మురికి బ్లేడుతోపాటు ఆమె ఓపిక, పక్కన కూర్చునే తనం కూడా పోయాయి, అదీ చెప్పుకోవాలి. వాటిని శుభ్రమైన చేతులతో వెనక్కి తెచ్చే పని కొంత మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రితో కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. నొప్పులు పడుతున్న తల్లి పక్కన ఆమె కోరుకున్న ఒక మనిషి ఉండాలన్నది కూడా ఇప్పుడు ప్రభుత్వం ఒప్పుకున్న మాటే. భయపడిన ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే నొప్పులు మందగించవచ్చని వైద్యులంటారు. చెయ్యి పట్టుకునే మనిషి ఉండటం మర్యాదే కాదు, మందు కూడా.

ఇన్ని గుర్తుల్లోనూ అన్నిటికంటే ముందు తెలిసేది ఆమెకే. తన ఒంట్లో ఏదో మారిందని ఆమె చెప్పిన మాట మొదటి గుర్తు. గడియారం, కార్డు, స్కానింగు ఆ తర్వాత. ఆమె చెప్పిందాన్ని నమ్మి వెళ్లి, దొంగ నొప్పులని తేలి వెనక్కి వస్తే పోయేది ఆటో కిరాయి. నవ్వేవాళ్లు నవ్వుతారు. నమ్మకుండా ఉండిపోయిన ఇళ్లలో పోయినదాని లెక్క వేరు. దొంగ నొప్పులకు వచ్చిందని విసుక్కోకుండా, ‘మళ్లీ అనుమానం వస్తే మళ్లీ రా’ అని చెప్పి పంపే నర్సు ఆ రోజు ఒక కాన్పు చేసినంత పని చేసినట్టే. ఒకసారి విసుగు ఎదురైన తల్లి రెండోసారి ఆలస్యంగా వస్తుంది.

ఇవి నేర్పడానికి కొత్త పథకమేదీ అక్కర్లేదు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో మన ఇళ్లలో శ్రీమంతం ఎలాగూ చేస్తున్నారు. గాజులు తొడుగుతారు, చలిమిడి పెడతారు, ఫొటోలు తీస్తారు. ఆ పూటే ఒక గంట ఈ మాటలకు కేటాయించవచ్చు. ఊరి ఆశాను పేరంటానికి పిలిచి కుర్చీ వేస్తే ఆమే చెబుతుంది. ఏ నొప్పికి ఆగాలి, దేనికి ఆగకూడదు, రాత్రి రెండింటికి బండి ఎవరిది, రక్తం ఇచ్చేది ఎవరు, కార్డు ఏ అరలో ఉంది, పెద్దపిల్లను ఎవరింట పడుకోబెట్టాలి. వీటికి జవాబులు దొరికిన ఇంట్లో ఆ రాత్రి ఎవరి అనుమతి కోసమూ ఎవరూ చూడరు. పురోహితుడు లేకున్నా నడిచే తంతు ఇది. మగవాళ్లను వరండాలో కూర్చోబెట్టి కాఫీలు పంపకుండా, ఆ గంట వాళ్లనూ లోపలికి పిలవాలి.